ఎనిమిదొస్తే ఏమైంది?

పదో తరగతి పరీక్షల హాల్‌టికెట్లు ఇచ్చే రోజులవి. మా ఎదురింటి అమ్మాయి బడి నుంచి వచ్చి, సైకిలు గోడకు చేరేసి, అరుగు మీద ముఖం ముడుచుకుని కూర్చుంది. పక్కన వాళ్ల నాయనమ్మ ఏదో సముదాయిస్తోంది.

"ఏమ్మా, హాల్‌టికెట్‌లో పేరు తప్పు పడిందా?" అన్నాను.

"పేరు బాగానే ఉంది మాస్టారూ. నంబరే..." అని ఆగిపోయింది.

మిగతాది నాయనమ్మ అందుకుంది. "అంకెలన్నీ కూడితే ఎనిమిదొచ్చిందంట మాస్టారూ. ఎనిమిదంటే శని అంట గదా! దీని స్నేహితురాళ్లు సెప్పేరంట. ఒకదానికి తొమ్మిదంట, ఇంకోదానికి ఒకటంట. దీనికే ఇలాగొచ్చింది. మార్సమని అడగొచ్చేటి?"

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే ఆ పిల్ల లెక్కల్లో చురుకైనది. అలాంటిది, "పుస్తకం తీస్తే అదే గుర్తొస్తోంది మాస్టారూ, చదవబుద్ధి కావట్లేదు" అంది. పరీక్షలకు ఇంకా నెల కూడా లేదు. నంబరు చెయ్యని నష్టం, నంబరు గురించిన భయం చేసేలా ఉంది.

శని ఉన్నాడా లేడా అన్న వాదనలోకి నేను దిగలేదు. నాయనమ్మ ఎదుట అది నెగ్గే వాదన కాదు. ఆ రోజే నా పేర వచ్చిన ఓ ఉత్తరం కవరు తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. "కింద మన ఊరి పిన్‌కోడ్ ఉంది చూడు. ఆ అంకెలు కూడు."

నర్సీపట్నం, 531116. ఐదూ మూడూ ఎనిమిది, ఒకటి తొమ్మిది, ఇంకో ఒకటి పది, ఇంకో ఒకటి పదకొండు, ఆరు కలిపితే పదిహేడు. ఒకటీ ఏడూ...

"ఎనిమిది!" అంది. ఆ వెంటనే, "అంటే మన ఊరంతటికీనా?"

"ఊరంతటికీ. మీకూ, మాకూ, సంతలో కూరగాయలమ్మే వాళ్లకూ, ఆసుపత్రిలో నిన్న పుట్టిన పిల్లలకూ."

ఆ సాయంత్రం మొదలైన లెక్క మూడు రోజులు సాగింది. ఆ ముచ్చటే ఈ వారం మీతో.

ఆ నంబరు ఎక్కడిది?

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి, సంస్కృత పండితుడు కూడా అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీనికి రూపకర్త. ఒకే పేరుతో పది ఊళ్లున్న దేశం మనది. పైగా ఒక్కో ఉత్తరం మీద ఒక్కో భాష, ఒక్కో దస్తూరీ. ఆ చిక్కు విప్పడానికి ఆరంకెల ఉపాయం కనిపెట్టారు.

మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్న ప్రాంతం. మొదటి మూడూ కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లా. 530 విశాఖపట్నం, 532 శ్రీకాకుళం, 533 తూర్పు గోదావరి వైపు. 531 అనకాపల్లిది. చివరి మూడంకెలు ఫలానా పోస్టాఫీసని చెబుతాయి. 2022లో నర్సీపట్నం విశాఖ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా పిన్‌కోడ్ మారలేదు.

అంటే ఈ నంబరు వెనక ఉన్నది ఉత్తరాల బట్వాడా సౌకర్యం ఒక్కటే. ముహూర్తం చూసి పెట్టింది కాదు, జాతకం చూసి ఇచ్చింది కాదు. హాల్‌టికెట్ నంబరూ అంతే.

ఎనిమిది అంటే మిగిలిన లడ్డూలు

అంకెలు కూడితే వచ్చే ఎనిమిదికి అసలు అర్థమేమిటి? అర్థం ఉంది. అయితే అది వేరే.

ఓ పెళ్లింట్లో 531116 లడ్డూలు చేశారనుకోండి. పెట్టెకు తొమ్మిది చొప్పున సర్దారు. 59012 పెట్టెలు నిండుతాయి. చివర ఎనిమిది లడ్డూలు మిగులుతాయి. అంకెలు కూడితే వచ్చిన ఎనిమిది అదే!

ఎందుకలాగ? 10 అంటే 9 మీద ఒకటి. 100 అంటే 99 మీద ఒకటి. లక్ష అంటే 99999 మీద ఒకటి. కాబట్టి పదినీ, వందనీ, లక్షనీ తొమ్మిదేసి చొప్పున పంచితే ప్రతిదానికీ ఒకటే మిగులుతుంది. ఐదు లక్షలకు ఐదు మిగులుతాయి, ముప్ఫై వేలకు మూడు, వెయ్యికి ఒకటి, వందకు ఒకటి, పదికి ఒకటి, చివరి ఆరుకు ఆరు. ఆ మిగిలినవన్నీ కలిపితే 17. అందులోంచి ఇంకో తొమ్మిది తీసి పెట్టెలో పెడితే ఎనిమిది.

అంకెలు కూడటమంటే తొమ్మిదితో భాగించి శేషం చూడటమే. ఏ శేషం వచ్చే అవకాశమైనా సమానమే. కాబట్టి ప్రతి తొమ్మిది నంబర్లలో ఒకటి ఎనిమిది అవుతుంది. మన రాష్ట్రంలో ఏటా ఆరు లక్షల మందికి అటూ ఇటూగా పదో తరగతి పరీక్షలు రాస్తారు. అందులో తొమ్మిదో వంతు అంటే దాదాపు 66 వేల మందికి ఎనిమిదే వస్తుంది. వాళ్లలో ఫస్టు వచ్చేవాళ్లూ ఉంటారు, తప్పేవాళ్లూ ఉంటారు. తొమ్మిది వచ్చిన వాళ్లలోనూ అంతే.

ఇంకో తమాషా చూడండి. మనం పదేసి చొప్పున లెక్కపెట్టేది చేతులకు పది వేళ్లున్నాయి కాబట్టి. చేతికి నాలుగేసి వేళ్లే ఉండి, ఎనిమిదేసి చొప్పున లెక్కపెట్టే వాళ్లమైతే? అప్పుడు అన్నిటినీ 0 నుంచి 7 దాకా ఉన్న అంకెలతోనే రాసేవాళ్లం. ఎనిమిది అనే అంకే ఉండేది కాదు. అన్నే లడ్డూలను ఆ పద్ధతిలో రాసి అంకెలు కూడితే చివరికి 5 వచ్చేది. లడ్డూలు మారలేదు, రాసే తీరు మారిందంతే. రాసే తీరును బట్టి మారిపోయేదానికి మన తలరాతతో ఏం సంబంధం?

ఇదంతా విని ఆ అమ్మాయి తల ఊపింది. కానీ ముఖం పూర్తిగా విప్పారలేదు. "సరే మాస్టారూ, చెడ్డది కాదు. మంచిది కూడా ఏం కాదుగా" అంది.

అదీ నిజమే. భయం తీసేస్తే సరిపోదు. దాని స్థానంలో ఏదో ఒక ఇష్టం పెట్టాలి. "రేపటికి ఈ సంఖ్యను విడగొట్టుకుని రా" అన్నాను.

ఇరవై మూడు దగ్గర తెగింది

మర్నాడు సాయంత్రం నోటు పుస్తకంతో వచ్చింది. 531116 సరిసంఖ్య కాబట్టి రెండుతో భాగిస్తే 265558. మళ్లీ రెండుతో 132779. అక్కణ్ణుంచి మొండికేసింది. 3 పోదు, 5 పోదు, 7తో భాగిస్తే 3 మిగిలింది. 11 పోలేదు, 13 పోలేదు, 17 పోలేదు, 19 పోలేదు. మామూలుగా పిల్లలు పదమూడు దాకా చూసి, ఇది ప్రధాన సంఖ్య అని రాసేస్తారు. ఈ అమ్మాయి ఆపలేదు. 23 దగ్గర నిశ్శేషంగా తెగింది. భాగఫలం 5773.

"దీన్ని మళ్లీ మొదట్నుంచీ చూడాలా?" అంది.

"పోనివన్నీ ముందే తేలిపోయాయి కదా. 23నే ఇంకోసారి చూడు."

చూసింది. 5773ను 23తో భాగిస్తే 251, శేషం సున్నా. 251 ఇక విడదు, అది ప్రధాన సంఖ్య. అన్నీ పేర్చి రాసింది. 531116 అంటే 2×2×23×23×251. రెండు రెళ్లు, రెండు ఇరవై మూళ్లు. జతలు కలిపితే 46×46×251.

భూమి లెక్కలో చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది. 531116 చదరపు గజాల లేఅవుట్ ఉందనుకోండి. ఎకరానికి 4840 చదరపు గజాల చొప్పున దాదాపు 110 ఎకరాలు. రోడ్లూ పార్కులూ పక్కన పెడితే, అందులో 46 గజాల పొడవు, 46 గజాల వెడల్పు ఉన్న నిఖార్సైన చదరపు ప్లాట్లు సరిగ్గా 251 వస్తాయి. ఒక్క గజం మిగలదు, ఒక్క గజం తగ్గదు. 23×23 అంటే 529. అది నిశ్శేషంగా భాగించే సంఖ్య ప్రతి 529 సంఖ్యల్లో ఒకటే. అలాంటిది మన ఊరికి దొరికింది.

ఈ లెక్క సరిచూసుకోవడానికి ఆ ఎనిమిదే పనికొచ్చింది. 46 అంకెలు కూడితే 10, అంటే 1. 46×46 అయినా 1×1, అంటే 1. 251 కూడితే 8. ఒకటిని ఎనిమిదితో గుణిస్తే 8. అసలు సంఖ్యకూ 8. సరిపోయింది! కాలిక్యులేటర్లు లేని రోజుల్లో గుణకారాలు ఇలా తొమ్మిదులు తీసేసి సరిచూసుకునేవారు. శేషాలు కలవకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. కలిస్తే తప్పు లేదని పూర్తి హామీ కాదు గానీ, చాలా తప్పులు పట్టుబడతాయి.

గుణించడం సులువు, విడగొట్టడం కష్టం అని ఆ అమ్మాయి ఆ రోజు తన చేతులతో తెలుసుకుంది. ప్రపంచం కూడా ఆ కష్టం మీదే ఆధారపడుతోంది. ఇంటర్నెట్‌లో రహస్యాలకు వేసే తాళాల్లో ముఖ్యమైనది ఆర్‌ఎస్‌ఏ. రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు 1977లో తయారుచేశారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, ఆ ఫలితాన్ని అందరికీ చూపిస్తారు. విడగొట్టగలిగితే తాళం ఊడినట్టే. 250 అంకెలున్న అలాంటి సంఖ్యను 2020లో విడగొట్టడానికి, ఒక్క కంప్యూటర్ కోరే ఆ పని చేస్తే 2700 ఏళ్లు పట్టేంత లెక్క వెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు వాడే తాళాల్లో 617 అంకెల సంఖ్యలుంటాయి. 23 దగ్గర ఆ అమ్మాయి పడ్డ పాటే, కాకపోతే కొన్ని కోట్ల కోట్ల రెట్లు.

దేవళాలి మాస్టారు

మూడో రోజు ఆమెకు ఓ మాస్టారి గురించి చెప్పాను. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో పుట్టి 1986లో పోయారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవళాలి అనే చిన్న ఊళ్లో బడిపంతులు. 1930 నుంచి 1962లో రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం. పెద్ద డిగ్రీలు లేవు. సంఖ్యలతో ఆడుకోవడమే లోకం. ఇదేం గణితం, ఇది పిల్లలాట అని చాలామంది పెద్దలు కొట్టిపారేశారు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ అనే అమెరికా రచయిత 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలోని తన శీర్షికలో ఆయన గురించి రాశాక ప్రపంచానికి తెలిశారు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే సంఖ్య 6174. అన్నీ ఒకటే కాని నాలుగంకెలు తీసుకోండి. పెద్దవి ముందు పెట్టి ఓసారి, చిన్నవి ముందు పెట్టి ఓసారి రాసి, పెద్దదానిలోంచి చిన్నది తీసెయ్యండి. వచ్చినదానితో మళ్లీ అలాగే. మన పిన్‌కోడ్ చివరి నాలుగంకెలు 1116తో చూద్దాం. 6111లోంచి 1116 పోతే 4995. 9954లోంచి 4599 పోతే 5355. ఆ తర్వాత వరుసగా 1998, 8082, 8532, 6174. అక్కడికి చేరాక ఇక కదలదు. ఏ నాలుగంకెలతో మొదలుపెట్టినా ఏడు మెట్లకు మించకుండా అక్కడికే చేరుతుంది.

కాప్రేకర్ ఇంకో ఆట కూడా కనిపెట్టారు. ఒక సంఖ్యకు దాని అంకెల మొత్తాన్ని కలిపితే కొత్త సంఖ్య పుడుతుంది. ఉదాహరణకు 12కు 1+2 కలిపితే 15. అంటే 15కు 12 జనకం. కొన్ని సంఖ్యలకు అసలు జనకమే ఉండదు. 1, 3, 5, 7, 9, 20, 31 అలాంటివి. ఏ సంఖ్యనుంచీ పుట్టనివి కాబట్టి స్వయంభువులన్న మాట. వీటికి ఆయన ఊరి పేరు మీద దేవళాలి సంఖ్యలు అని కూడా పేరు. చూశారా, ఒక చిన్న ఊరి పేరు గణితంలో నిలిచిపోయింది!

కొన్ని సంఖ్యలకు రెండు జనకాలుంటాయి. అన్నిటికంటే చిన్నది 101. 91కి పది కలిపినా 101, 100కు ఒకటి కలిపినా 101. ఇలాంటి వాటికి కాప్రేకర్ పెట్టిన పేరు జంక్షన్ సంఖ్యలు. రెండు దారులు వచ్చి కలిసే చోటు కదా! మూడు దారులు కలిసే మొట్టమొదటి సంఖ్య కావాలంటే మాత్రం చాలా దూరం పోవాలి. అది 10000000000001. అక్షరాలా పది లక్షల కోట్ల ఒకటి.

"మరి మనది?" అంది అమ్మాయి.

ఎనిమిదే తాళంచెవి

531116కు జనకం కనుక్కోవాలంటే వెనకనున్న సంఖ్యలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ రావచ్చు. కానీ ఓ అడ్డదారి ఉంది. జనకాన్ని తొమ్మిదితో భాగించినా, దాని అంకెల మొత్తాన్ని తొమ్మిదితో భాగించినా శేషం ఒకటేనని పైన చూశాం. ఆ రెండూ కలిస్తేనే మన సంఖ్య. కాబట్టి ఆ శేషానికి రెట్టింపు మన ఎనిమిది. ఎనిమిదిలో సగం నాలుగు. అంటే జనకం అంకెల మొత్తం 4, లేదా తొమ్మిదేసి పెరుగుతూ 13, 22, 31, 40 కావాలి. ఇక చూడాల్సినవి ఐదే!

531116లోంచి 4 తీస్తే 531112. దీని అంకెలు కూడితే 13, నాలుగు కాదు. కుదర్లేదు. 13 తీస్తే 531103. కూడితే 13. కుదిరింది! 22 తీస్తే 531094. కూడితే 22. ఇదీ కుదిరింది! 31 తీస్తే 531085, కూడితే 22, కుదర్లేదు. 40 తీస్తే 531076, అదీ 22, కుదర్లేదు.

"రెండున్నాయి మాస్టారూ! రెండు!" అని లేచి నిలబడింది.

అవును, 531116 జంక్షన్ సంఖ్య. అనకాపల్లి 531001కి ఒకటే జనకం, 530969. చింతపల్లి 531111కి ఒకటే, 531087. తుని 533401కీ ఒకటే, 533375. మన ఊరి సంఖ్యకు పది వెనకున్న 531106 అయితే స్వయంభువు, దానికి జనకమే లేదు. నర్సీపట్నానికి రెండు.

మా ఊరు ఎరిగినవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారు. నర్సీపట్నం రోడ్ అని రైల్వేస్టేషన్ ఉంది గానీ, అక్కడ రైలు దిగినవాళ్లకు ఊరు కనపడదు. మళ్లీ రోడ్డు పట్టుకోవాల్సిందే. రైలు లేదు గానీ దారులకు కొదవ లేదు. తుని దారి, అనకాపల్లి దారి, చింతపల్లి ఘాట్ దారి. మన్యం సరుకు దిగేదీ, మైదానం సరుకు ఎక్కేదీ ఇక్కడే. జంక్షన్ ఊరికి జంక్షన్ నంబరే వచ్చింది.

అయితే ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఇది మహిమ కాదు, కాకతాళీయం. రెండు దారులు కలవడానికి కారణం కూడా ఉంది. 531094 నుంచి తొమ్మిది ముందుకు నడిస్తే 531103. మధ్యలో వంద దాటాం. దాటేటప్పుడు 9 పోయి 0 వచ్చింది. దాంతో సంఖ్య తొమ్మిది పెరిగితే, అంకెల మొత్తం 22 నుంచి 13కు, అంటే తొమ్మిది తగ్గింది. పెరిగినదీ తగ్గినదీ సరికి సరి. అందుకే రెండూ ఒకచోటికే చేరాయి. 531110 నుంచి 531126 దాకా ఉన్న తొమ్మిది సరిసంఖ్యలూ ఇలాంటివే. కారణం తెలిస్తే అందం తగ్గుతుందా? నాకైతే పెరుగుతుందనిపిస్తుంది. శని అన్నప్పుడు భయం తప్ప ఇంకేమీ మిగల్లేదు. శేషం అన్నప్పుడు ఆ ఎనిమిదే తాళంచెవి అయింది.

ఇది మనకు కొత్త కాదు కూడా. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో 12345679ని 9తో గుణిస్తే 111111111 వస్తుందనీ, 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుందనీ చూపించి, ఇలాంటి వాటిని మెడలో హారాలతో పోల్చాడు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సంఖ్యను హారంలా చూసుకున్న వాళ్ల వారసులం, ఫ్యాన్సీ నంబరు కోసం లక్షలు పోస్తున్నాం. మంచి ఫోన్ నంబరును, వీధిలో మంచి ఇంటిని ఎనిమిదొచ్చిందని వదిలేస్తున్నాం.

నూటపదహార్లు

నాయనమ్మ మూడు రోజులూ పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ వింది. జనకాలూ శేషాలూ ఆవిడకు పట్టలేదు. "ఇంతకీ ఆ నంబరెంతే? నోటితో సెప్పు" అంది మనవరాలితో.

"ఐదు లక్షల ముప్ఫై ఒక్క వేల నూటపదహారు."

నాయనమ్మ చేతిలో చేట ఆగింది. "నూటపదార్లా!" అంది. ముఖం వెలిగిపోయింది. "మరి ముందే సెప్పరేటి? అది సుబంకరం గదా!"

నిజమే! మూడు రోజులుగా ఎదురుగా పెట్టుకున్న నాకు తట్టలేదు. పెళ్లిలో చదివింపులకైనా, పురోహితుడి దక్షిణకైనా తెలుగువాళ్లు పెట్టేది నూటపదహార్లు, ఘనంగా అయితే వెయ్యిన్నూటపదహార్లు. నైజాం హాలీ రూపాయలకూ ఇంగ్లీషు రూపాయలకూ మధ్య మారకం నుంచి ఈ ఆచారం వచ్చిందని చెబుతుంటారు. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. ఆ లెక్కన ఇంగ్లీషు వందకు హాలీ నూటపదహారు రూపాయల పైచిలుకు.

ఇప్పుడు 116 అంకెలు కూడండి. ఒకటీ ఒకటీ ఆరూ... ఎనిమిది! ఇన్నేళ్లుగా ప్రతి శుభకార్యంలోనూ మనం చేతిలో పెడుతున్నది ఎనిమిదే. ఏ పెళ్లికూతురూ వద్దనలేదు, ఏ పురోహితుడూ వెనక్కివ్వలేదు.

ఆ అమ్మాయి అప్పటికే నోటు పుస్తకం తెరిచేసింది. 116 అంటే 2×2×29. 1116 అంటే 6×6×31. 531116 అంటే 46×46×251. మూడూ ఒక చదరాన్ని ఒక ప్రధాన సంఖ్యతో గుణించినవే! అంతటితో ఆగలేదు. 1116కు జనకాలు వెతికింది. 1098కి 18 కలిపితే 1116. 1107కు 9 కలిపినా 1116. వెయ్యిన్నూటపదహార్లు కూడా జంక్షన్ సంఖ్యే! ఇది నేను చెప్పింది కాదు, తను కనుక్కున్నది.

పరీక్షల మొదటి రోజు పొద్దున్నే గేటు దగ్గర సందడి వినిపించి చూశాను. నాయనమ్మ కొంగుముడి విప్పి ఒక వందనోటు, ఒక పదినోటు, ఒక ఐదు బిళ్ల, ఒక రూపాయి బిళ్ల తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"ఇది కూడితే ఎంతొస్తుందో తెలుసా నాయనమ్మా?"

"తెలుసులేయే. నడు, బస్సెల్లిపోద్ది."

మార్కులెన్నొచ్చాయని అడక్కండి. ఎన్నొచ్చినా అవి ఆ పిల్ల కాగితం మీద రాసినదానికి వచ్చినవి, కాగితం పైన అచ్చయిన నంబరుకు కాదు.

ఈ వారం లెక్క: మీ పిన్‌కోడ్‌కు జనకాలెన్ని? అంకెలు కూడగా చివరికి వచ్చినది సరిసంఖ్యయితే అందులో సగం, బేసిసంఖ్యయితే తొమ్మిది కలిపి సగం. అక్కణ్ణుంచి తొమ్మిదేసి పెంచుకుంటూ 54 దాకా వెళ్లి ఒక్కొక్కటీ తీసి చూడండి. ముందు హైదరాబాద్ 500001, విజయవాడ 520001లతో చెయ్యి తిప్పుకోండి. వాటికి ఒక్కొక్కటే జనకం. మీ ఇంట్లో పిల్లలుంటే పెన్ను వాళ్లకివ్వండి, మీరు చేట పట్టుకుని పక్కన కూర్చోండి.